గోడకు రంగు, కూలీకి దగ్గు

వానలు వెనకబట్టాయంటే చాలు, ఊళ్ళో గోడలు తమ సంగతి తామే చెప్పడం మొదలుపెడతాయి. పెద్దింటి గోడ నున్నగా మెరుస్తుంటుంది. వ్యవసాయ కార్మికుల కాలనీలో గోడ మాత్రం పాకుడు పట్టి, రెండేళ్ళ కిందట వేసిన రంగు చేపపొలుసుల్లా రాలుతుంటుంది. సంక్రాంతి లోపల ఏదో ఒకటి పూయాలి. మంచి డబ్బా కొందామంటే ధర అందదు. చవక డబ్బా కొంటే రెండు వానలకు నిలవదు.

"గోడ రంగు కూడా రైతుకూలీ సమస్యేనా?" అని కొందరు మిత్రులు అడగవచ్చు. ముమ్మాటికీ సమస్యే. ఆ ఇంట్లో ఉండేది కూలీ. పట్నంలో పెద్ద భవనానికి సారువ ఎక్కి రంగు పూసేదీ కూలీయే. పొలంలో పని లేని నెలల్లో కుంచె పట్టుకుని బస్సెక్కేవాళ్ళు మన ఊళ్ళలో ఎంతమంది లేరు? ఆ రంగు ఘాటు పీల్చేది ఎవరు? ఆ రంగు మీద లాభం తినేది ఎవరు? ఘాటు లేని, వానకు నిలిచే రంగు అసలు సాధ్యమా? సాధ్యమైతే అది పేదవాడి గోడ దాకా ఎందుకు రావడం లేదు? ఈ ప్రశ్నలకు జవాబు వెతకాలి.

డబ్బాలో ఏముంది?

ఏ రంగులోనైనా ముఖ్యంగా ఉండేవి మూడు. ఒకటి రంగుపొడి. రెండోది ఆ పొడిని గోడకు అంటిపెట్టే జిగురు. మూడోది ఆ రెంటినీ పల్చన చేసి కుంచెకు లొంగేట్టు చేసే ద్రవం. రంగు ఆరడమంటే ఆ ద్రవం గాలిలోకి పోవడమే. ద్రవం నీళ్ళయితే పోయేది నీటి ఆవిరి. ఆయిల్ పెయింటులో అయితే పోయేది టర్పెంటైన్ లాంటి ద్రవాల ఆవిరి. తలనొప్పి, కళ్ళ మంట, వాంతి వచ్చినట్టుండడం, సాయంత్రానికి మత్తు - ఇవన్నీ దాని పుణ్యమే.

నీళ్ళ రంగులైతే ఏ బెడదా లేదనుకోవడం కూడా పొరపాటే. ఎమల్షన్ అనే ప్లాస్టిక్ రంగుల్లో కూడా జిగురు పొరకట్టడానికని, డబ్బాలో కుళ్ళకుండా ఉండడానికని, గోడకు పాకుడు పట్టకుండా ఉండడానికని రకరకాల రసాయనాలు కలుపుతారు. ఆయిల్ పెయింటుతో పోలిస్తే ఘాటు చాలా తక్కువే, కానీ సున్నా కాదు.

ఆరుబయట గోడే కదా, గాలికి కొట్టుకుపోతుంది అంటారు కొందరు. గోడకు ముఖం ఆనించి ఎనిమిది గంటలు పనిచేసేవాడికి ఆ మాట చెప్పి చూడండి! పైగా ఆ ఆవిర్లు ఎక్కడికీ పోవు. వాహనాల పొగతో కలిసి, ఎండ తగిలి, నేలకు దగ్గరలో ఓజోన్ అనే వాయువుగా మారతాయి. పైన ఆకాశంలో ఉన్నప్పుడు మనల్ని కాపాడే ఆ ఓజోనే, కింద ఉన్నప్పుడు మనిషి ఊపిరితిత్తులనూ, పంటల ఆకులనూ దెబ్బతీస్తుంది. పట్నపు రంగుకూ పల్లె పంటకూ ఉన్న సంబంధం ఇది.

యూరప్ దేశాలు 2004లో ఒక శాసనం చేశాయి. దాని ప్రకారం 2010 నుంచి బయటి గోడల రంగుల్లో, నీళ్ళ రంగయితే లీటరుకు 40 గ్రాములకు మించి ఇలాంటి ఆవిరి రసాయనాలు ఉండకూడదు. ఆయిల్ జాతి రంగులకు ఆ హద్దు 430 గ్రాములు. అంటే రంగు రంగుకూ మధ్య పది రెట్ల పైన తేడా ఉందని ఆ శాసనమే ఒప్పుకుంటున్నది. మన దేశంలో ఎకోమార్క్ ముద్ర 1991లో పెట్టారు. 2024లో దాని నిబంధనలు తిరగరాశారు. కానీ అది కంపెనీ ఇష్టపడి తెచ్చుకునే ముద్ర. ఇష్టపడకపోతే అడిగే నాథుడు లేడు. "తక్కువ ఘాటు" అనే మాట మనకు హక్కు కాలేదు, ఖరీదైన డబ్బా మీద ప్రకటన అయింది.

నూరేళ్ళుగా తెలిసిన విషమే

ఇవేవీ కొత్తగా కనిపెట్టిన సంగతులు కావు. రంగుల్లో సీసం కూలీని చంపుతున్నదని గుర్తించి, అంతర్జాతీయ కార్మిక సంస్థ 1921లోనే తెల్లసీసం వాడకం మీద ఒప్పందం చేసింది. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసానికి చట్టబద్ధంగా హద్దు పెట్టింది ఎప్పుడో తెలుసా? 2016లో! పది లక్షల భాగాల్లో 90 భాగాలకు మించరాదన్న ఆ నిబంధన 2017 నవంబరు 1 నుంచి అమలుకు వచ్చింది. మధ్యలో పోయినవి తొంభై అయిదేళ్ళు. ఆ నిబంధన కూడా ఇంటి రంగులకూ, అలంకరణ రంగులకూ మాత్రమే. ఫ్యాక్టరీలకు వాడే రంగులు దాని కిందికి రావు.

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1989లోనే పెయింటర్ పనిని, ఆ పనిలో సోకే రసాయనాల కారణంగా, మనిషికి క్యాన్సర్ కలిగించే వాటి జాబితాలో మొదటి వర్గంలో చేర్చింది. పొగాకును కూడా ఆ వర్గంలోనే పెట్టారు. ఈ సంగతి మన పెయింటర్ సోదరులకు చెప్పింది ఎవరు? కాంట్రాక్టరు చెప్పాడా? డబ్బా మీద తెలుగులో రాశారా?

పాత రంగు గీకేటప్పుడు ప్రమాదం మరీ ఎక్కువ. 2017కి ముందు వేసిన పసుపు, ఎర్ర, ఆకుపచ్చ ఆయిల్ రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది. ఉప్పు కాగితంతో పొడిగా రుద్దితే ఆ దుమ్ము నేరుగా ఊపిరిలోకి పోతుంది. బట్టలకంటి ఇంటికొస్తుంది. చంకనెక్కిన పసిబిడ్డ నోట్లోకి పోతుంది. సీసం ఇంత వరకైతే ఫరవాలేదు అనే హద్దే లేదని ఆరోగ్య సంస్థలు చెబుతున్నాయి. అందుకే పాత రంగును తడిపి గీకాలి, ముక్కుకు గుడ్డ కాదు, సరైన మాస్కు కట్టాలి, చంటిపిల్లల్ని ఆ చుట్టుపక్కలకు రానివ్వకూడదు.

పేడ రంగు ఎవరికి మేలు?

ఈ బాధలకు మందు అన్నట్టుగా 2021 జనవరి 12న కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ ఢిల్లీలో ఒక రంగును విడుదల చేశారు. ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ వారి 'ఖాదీ ప్రాకృతిక్ పెయింట్'. ఆవుపేడతో జైపూర్‌లోని కుమరప్ప చేతికాగితం సంస్థలో తయారు చేశారు. డిస్టెంపర్ లీటరు 120 రూపాయలు, ఎమల్షన్ లీటరు 225 రూపాయలు అన్నారు. సీసం, పాదరసం, క్రోమియం, ఆర్సెనిక్ లాంటివి ఉండవన్నారు. పశువుకు ఏడాదికి 30 వేల రూపాయలు అదనపు ఆదాయం వస్తుందన్నారు.

విషపు లోహాలు లేని రంగును ఎవరూ కాదనరు. పేడతో గోడ అలకడం మన ఆడవాళ్ళకు ఒకరు నేర్పాల్సిన విద్యా కాదు. కానీ లెక్క చూడండి. కిలో పేడకు 5 రూపాయల చొప్పున వేసుకున్నా, 30 వేలు రావాలంటే ఏడాదికి 6 వేల కిలోలు అమ్మాలి. అంటే రోజుకు పదహారు కిలోల పైన, ఏడాదిలో ఒక్క రోజు తప్పకుండా! గట్టు మీద గడ్డి మేసే బక్క ఆవు అంత పేడ వేస్తుందా? వేసిందే అనుకుందాం. అంతా అమ్మితే పొలానికి ఎరువేది? పొయ్యిలోకి పిడకేది? ఆవే లేని కూలీకి ఇందులో వాటా ఏది?

అసలు విషయం మరొకటి ఉంది. ఎండకూ వానకూ నిలవాలంటే రంగుకు కావలసింది గట్టి జిగురు. పేడకు ఆ శక్తి తక్కువ. అలికిన గోడను మన ఆడవాళ్ళు పండగ పండగకూ మళ్ళీ అలుకుతున్నది అందుకే కదా! కనుక పేడ రంగు మంచిదా చెడ్డదా అన్న వాదంలో పడి, మన చేతిలో ఉన్న అసలు వస్తువును మరిచిపోకూడదు. ఆ వస్తువు సున్నం.

సున్నం మళ్ళీ రాయి అవుతుంది

పల్నాడు జిల్లా పిడుగురాళ్ళ సున్నపు బట్టీలకు పెట్టింది పేరు. కోస్తాలో గుల్లలు కాల్చి గుల్లసున్నం తీసేవాళ్ళు. సున్నంలో ఉన్న రహస్యం ఏమంటే, దానికి వేరే జిగురు అక్కరలేదు. అదే రంగు, అదే జిగురు.

వంద కిలోల మంచి సున్నపురాయిని బాగా కాలిస్తే 44 కిలోల బొగ్గుపులుసు వాయువు బయటికి పోయి, 56 కిలోల పొడిసున్నం మిగులుతుంది. దానికి నీళ్ళు పోస్తే కుతకుత ఉడికి తడిసున్నం అవుతుంది. దాన్ని గోడకు పూస్తే, పోయిన ఆ వాయువునే గాలిలోంచి మెల్లమెల్లగా తిరిగి పీల్చుకుని మళ్ళీ రాయిగా మారుతుంది. అంటే సున్నం కొట్టడమంటే గోడ మీద పల్చటి రాతిపొర పెంచడమే. గాల్లోకి పోయేది నీటి ఆవిరి ఒక్కటే. బట్టీలో కాల్చిన బొగ్గు పొగ మాత్రం తిరిగి రాదు, అది ఒప్పుకోవలసిందే. అయినా ఘాటు లేని రంగు ఏదంటే మొదట చెప్పుకోవలసింది సున్నమే.

"మరి చేయి పెడితే చేతికంటుతుందేం? వానకు కారిపోతుందేం?" అని అడుగుతారు. అది సున్నం తప్పు కాదు, తొందర పని తప్పు. సున్నం రాయి కావాలంటే తడి ఉండాలి, గాలి తగలాలి, టైము ఇవ్వాలి. మండుటెండలో ఎండుగోడ మీద చిక్కగా ఒక్క పూత కొడితే, అది రాయి కాకముందే ఎండిపోయి సుద్దపొడి అవుతుంది. పద్ధతి ఇదీ:

మొదట పాకుడునూ, లేచిన రంగునూ తడిపి గీకాలి. పాకుడు మొండిదైతే పల్చటి మైలుతుత్తం నీళ్ళతో కడగాలి. తోటలకు కొట్టే బోర్డో మిశ్రమం తెలిసిన రైతుకు ఈ సంగతి విడమరచి చెప్పక్కరలేదు. అందులో ఉండేదీ మైలుతుత్తమూ సున్నమే. అది విషమని మరవకుండా చేతులకు తొడుగులు వేసుకోవాలి.

తర్వాత సున్నం. కేంద్ర ప్రజాపనుల శాఖ లెక్క ప్రకారం కిలో పొడిసున్నానికి సుమారు 5 లీటర్ల నీళ్ళు. 24 గంటలు నాననిచ్చి ముతక గుడ్డతో వడగట్టాలి. ఘనమీటరు సున్నపు నీళ్ళకు 4 కిలోల బంక వేడినీళ్ళలో కరిగించి కలపాలి. మన పెద్దలు తుమ్మబంక వేసింది ఇందుకే. గుంటలో నీళ్ళ కింద వారాల తరబడి నానిన సున్నం ఇంకా మెత్తగా, ఇంకా గట్టిగా పడుతుంది. వాన గట్టిగా కొట్టే వైపు గోడకు, సున్నం ఉడికేటప్పుడే కొద్దిగా అవిసెనూనె గానీ, కొవ్వు గానీ వేస్తే, అది సున్నంతో కలిసి నీటిని తోసేసే సబ్బు లాంటి పదార్థం అవుతుంది. ఎక్కువ వేస్తే మాత్రం పై పూత పట్టదు. కొందరు ఉప్పు కలుపుతారు. ఇనుప చువ్వలున్న కాంక్రీటు మీద అది కూడదు, చువ్వలు తుప్పుపడతాయి.

గోడను ముందు తడపాలి. పాలలా పల్చగా మూడు పూతలు వేయాలి. పూతకూ పూతకూ మధ్య కనీసం ఒక రోజు ఆగాలి. ఎండ ముదరకముందు గానీ, నీడ వచ్చాక గానీ పని చేయాలి. ఇప్పుడు ఆలోచించండి: వానలు పోయి, ఎండ మెత్తబడి, గాలిలో చెమ్మ ఉండే సంక్రాంతి ముందు రోజులకంటే దీనికి మంచి కాలం ఏముంది? పెద్దలు పెట్టిన ఆచారంలో పని అనుభవం దాగి ఉంది.

రంగు కావాలంటే సున్నానికి ఓర్చుకునేవే కలపాలి. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడి పారాణి అవుతుందని మన ఇళ్ళలో చిన్నపిల్లకు కూడా తెలుసు. సున్నం ఘాటుకు తట్టుకోని రంగులన్నీ అలాగే మారతాయి, వెలుస్తాయి. నిలిచేవి మన్ను రంగులు: ఎర్రమన్ను, జాజు, పచ్చమన్ను. నంద్యాల జిల్లా బేతంచర్ల ప్రాంతంలో ఈ మన్నుల గనులే ఉన్నాయి.

నిజం దాచకూడదు. సున్నం ప్లాస్టిక్ రంగు మీద పట్టదు, పాతది పూర్తిగా గీకాల్సిందే. మంచి ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ అయిదారేళ్ళు నిలిస్తే, సున్నం రెండు మూడేళ్ళకొకసారి మళ్ళీ కొట్టాలి. కానీ ఆ ఖర్చు ఎక్కడికి పోతున్నదో చూడాలి. డబ్బా రంగులో ఎక్కువ భాగం కంపెనీకి పోతుంది. సున్నంలో సరుకు చవక, ఖర్చులో ఎక్కువ భాగం కూలి. అది ఊళ్ళోనే తిరుగుతుంది. పైగా మట్టిగోడకు ప్లాస్టిక్ రంగు వేస్తే లోపలి చెమ్మ బయటికి పోలేక పొర లేచిపోతుంది. సున్నం గోడను ఊపిరి పీల్చనిస్తుంది. తెల్లగోడ ఎండను తిప్పికొడుతుంది కనుక ఇల్లు చల్లగానూ ఉంటుంది.

మరింత నిలిచేవీ ఉన్నాయి

పేదల గోడకు నిలిచే రంగు కోసం వెతికింది మనమొక్కరమే కాదు. స్వీడన్ దేశంలో పల్లెటూరి చెక్క ఇళ్ళన్నీ ఎర్రగా కనబడతాయి. ఫాలూన్ రాగి గని దగ్గర మిగిలిన ఎర్రమన్నును పిండితో, నీళ్ళతో గంజిలా ఉడికించి, కాస్త అవిసెనూనె వేసి పూసేవారు. గని 1992లో మూతబడింది గానీ, ఆ రంగు ఇంకా తయారవుతూనే ఉంది.

జర్మనీలోని బవేరియాలో కైమ్ అనే ఆయన 1878లో మరో దారి చూపాడు. ఇసుకనూ పొటాష్‌నూ కరిగించి చేసే పొటాషియం సిలికేట్‌ను జిగురుగా వాడాడు. అది గోడలోని సున్నంతో, ఇసుకతో కలిసి రాయిలా బిగుస్తుంది. పొరగా లేవదు, ఘాటు ఉండదు. స్విట్జర్లాండ్‌లోని ష్వీజ్ పట్టణ సభాభవనం గోడ మీద ఈ రంగుతో 1891లో వేసిన బొమ్మలు నూరేళ్ళు దాటి నిలిచాయి. మన దగ్గర సబ్బులకు వాడే సోడియం సిలికేట్‌తో ఈ పని సరిగా జరగదు, గోడ మీద ఉప్పు పూస్తుంది. పొటాషియందే కావాలి. ఇవాళ అది ఖరీదైన దిగుమతి సరుకుగా సంపన్నుల భవనాలకు పోతున్నది. ఇసుకకు కొదవ లేని దేశంలో, ప్రభుత్వరంగంలో గానీ సహకారరంగంలో గానీ దాన్ని చవకగా తయారుచేయడానికి అడ్డేమిటి?

సైన్సు లేక కాదు. అడిగేవాళ్ళు లేక.

రంగులకు డబ్బు లేదా?

డబ్బు లేదని మాత్రం చెప్పవద్దు. ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ భవనాలకు అప్పటి అధికార పార్టీ జెండా రంగులు పూసిన సంగతి జనం మరిచిపోలేదు. 2020 మార్చిలో హైకోర్టు వాటిని తీసేయమంది. ప్రభుత్వం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, జూన్ 3న అక్కడా చుక్కెదురైంది. పూయడానికీ ప్రజల డబ్బే, చెరపడానికీ ప్రజల డబ్బే! అదే కాలంలో కూలీల కాలనీ గోడకు చెంబెడు సున్నం పోసినవాడు లేడు.

ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస్ కింద మైదాన ప్రాంతంలో ఇంటికి ఇచ్చేది లక్షా 20 వేలు. గోడలు లేచి స్లాబు పడేసరికే అప్పులు. బయటి గోడకు ప్లాస్టరింగే ఉండదు, ఇక రంగు మాటెక్కడ? తెలంగాణలో 2024 మార్చిలో మొదలుపెట్టిన ఇందిరమ్మ ఇళ్ళకు 5 లక్షలు అన్నారు. అందులోనూ బయటి గోడ రక్షణకు ఇంత అని విడిగా చూపాలి. ఎందుకంటే బయటి పూత సింగారం కాదు. అది లేకపోతే వాన నీళ్ళు గోడలోకి దిగి, ఇటుక కుళ్ళి, ఇల్లు ఆయుష్షు తగ్గుతుంది.

మనం అడగాల్సినవి

గృహ పథకాలన్నిటిలో బయటి గోడ పూతకు ప్రత్యేక నిధి కేటాయించాలి. సున్నమో, ఘాటు తక్కువ రంగో - ఆ ఊరి కూలీల చేతనే, సరైన కూలికి వేయించాలి.

రంగుల్లో ఆవిరి రసాయనాలకు చట్టబద్ధమైన హద్దు పెట్టాలి. ఎన్ని గ్రాములు ఉన్నాయో డబ్బా మీద తెలుగులో అచ్చువేయాలి. సీసం హద్దును అన్ని రంగులకూ వర్తింపజేయాలి.

పెయింటర్లకు మాస్కులు, చేతితొడుగులు, ఎత్తు మీద పనికి తాళ్ళు కాంట్రాక్టరే ఇవ్వాలి. ఏడాదికొకసారి ఊపిరితిత్తుల పరీక్ష సంక్షేమ బోర్డు ఖర్చుతో చేయించాలి. ఆ బోర్డు డబ్బు ఎవరి దయాధర్మమూ కాదు. నిర్మాణాల మీద సెస్సు వసూలు చేయాలని 1996లోనే చట్టం వచ్చింది. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టాన్ని సామాజిక భద్రత కోడ్‌లో కలిపేసినా సెస్సూ బోర్డూ ఉన్నాయి. 18 నుంచి 60 ఏళ్ళ లోపు ఉండి, ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసిన ప్రతి కూలీకీ పేరు నమోదు చేయించుకునే హక్కుంది. పొలం పని లేనప్పుడు రంగుల పనికి పోయేవాళ్ళు ఆ 90 రోజుల లెక్క రాసిపెట్టుకోవాలి.

సున్నపు బట్టీ కార్మికుల్ని మరవరాదు. సున్నం ఘాటు లేనిదే గానీ కాల్చే గుణం ఉన్నది. కంట్లో పడితే చూపు పోతుంది, చేతులు పగులుతాయి. కళ్ళద్దాలు, తొడుగులు, దుమ్ము మాస్కులు, కడుక్కోవడానికి సరిపడా మంచినీళ్ళు లేని బట్టీలో తీసిన సున్నాన్ని 'పర్యావరణానికి మేలు' అని పొగడడం దగా. మన గోడ తెల్లబడడానికి మరో కూలీ కళ్ళు పోకూడదు.

ప్రభుత్వం కదిలే దాకా చేతులు ముడుచుకు కూర్చోనక్కరలేదు. సంఘం ఉన్న ప్రతి ఊళ్ళో కాలనీకొక సున్నపు గుంట తవ్వవచ్చు. వానలు వెనకబట్టగానే సున్నం నానవేసి, పండగకు నెల ముందు పని మొదలుపెట్టవచ్చు. కుంచె పట్టడం వచ్చిన సోదరులు రాని వాళ్ళకు నేర్పవచ్చు. ఇంటి గోడకు పేడా సున్నమూ పూసి తరతరాలుగా కూలి లేని చాకిరీ చేసిన అక్కచెల్లెళ్ళకు, ఈ పనిలో మగవారితో సమానంగా కూలి ఇప్పించే బాధ్యత కూడా సంఘానిదే.

ఘాటు లేని రంగు పెద్దవాళ్ళ మోజు కాదు, అది పూసేవాడి ఊపిరి. నిలిచే రంగు గొప్ప కాదు, అది చెమటోడ్చి కట్టుకున్న ఇంటికి రక్ష. ఈ రెండూ ఒకే గోడ మీద ఉండాలని అడుగుదాం. అడిగి ఊరుకోకుండా సాధించుకుందాం.